ఎనభై నాలుగు పొట్లాలు

కుమారస్వామి నోటి వెంట "లేదు" అన్న మాట ఎవరూ విని ఎరగరు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎవరేం అడిగినా ముందు అవునండీ అన్నట్టు "ఆయ్" అనేయడం, తర్వాత తల పట్టుకోవడం అతనికి అలవాటైపోయింది. ఒకసారి ఒకే ముహూర్తానికి మూడూళ్లలో మూడు పెళ్లిళ్లకి వస్తానని మాటిచ్చి, చివరికి ఎక్కడికీ వెళ్లలేక జ్వరమని ముసుగు తన్ని పడుకున్నాడు. ఆ సంగతి ఎత్తి భార్య దెప్పని పండగ లేదు. ఎదుటి మనిషి మొహం చిన్నబోతే చూడలేడు, అంతే. కోనసీమలో దాన్ని మర్యాద అంటారు. సబ్‌జైల్లో హెడ్ వార్డరు ఉద్యోగానికి అంత మర్యాద ఎందుకని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు గానీ, ఒక్క ఖైదీ మీదైనా చెయ్యెత్తని మనిషిగా అతనికి మంచి పేరే ఉంది. ఆ పేరు అతనికీ ఇష్టమే.

ఆ బుధవారం పొద్దున్నే తపాలాలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. స్థానిక జైళ్లలో మానసిక రోగుల సంఖ్య తగ్గించాలి, ప్రస్తుతం ఎంతమంది ఉన్నారో రాసి ఉంచండి, శనివారం జిల్లా నుంచి జడ్జిగారు తనిఖీకి వస్తారు అని అందులో ఉంది. సూపరింటెండెంటు సూర్యనారాయణమూర్తిగారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "తర్వాత చూద్దాంలే" అని బల్ల మీద పెట్టారు. ఇంతలో ములాఖత్ వేళయింది.

తులసి అప్పటికే వచ్చి కిటికీ జాలీ అవతల నిలబడి ఉంది. కాట్రేనికోన దాటి ఇంకా లోపలికి వెళ్తే వాళ్ల ఊరు. రెండు ఆటోలు, ఒక బస్సు మారి రావాలి. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని ఆమెది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టడంవల్ల వేళ్ల చివర్లు తెల్లగా నాని, సన్నసన్నగా పగిలి ఉంటాయి. బుధవారం మటుకు పని మానుకుంటుంది. కిటికీ దగ్గరికి రాగానే ముందు రెండు చేతులూ కొంగుకి గట్టిగా తుడుచుకుంటుంది. రొయ్యల వాసన జైలువాళ్లకి తగలకూడదని ఆమె తాపత్రయం. ఆ తర్వాత సంచిలోంచి కట్ట తీసి, జాలీ కింద ఉన్న సందులోంచి లోపలికి జరుపుతుంది.

కట్ట అంటే ఏడు చిన్న పొట్లాలు. రోజుకో కాగితం చింపే క్యాలెండర్లో వచ్చే వారం కాగితాలు ముందే చింపేసి, ఏ తారీఖు మాత్రలు ఆ తారీఖు కాగితంలో మడిచి, ఏడింటినీ దారంతో కట్టి తెస్తుంది. పొద్దుటికి ఒక తెల్ల మాత్ర, సాయంత్రానికి ఒక పసుపు మాత్ర. చదువు రాదు గానీ అంకెలు వచ్చు. మా ఇంట్లో క్యాలెండరెప్పుడూ వారం ముందే నడుస్తుందండి, మా అమ్మాయి ఇవాళ తారీఖెంతో చూసుకోడానికి పక్కింటికెళ్తుందండి అని ఒకసారి తనే చెప్పి నవ్వింది.

"పన్నెండో కట్టండి బాబుగారూ. వేళకి వేస్తున్నారాండి?"

"ఆయ్."

"నాలిక కింద దాచుకుంటారండి ఆయన. నోరు తెరిపించి చూడాలండి."

"ఆయ్, చూస్తున్నామండి."

కుమారస్వామి కట్ట తీసుకుని గదిలోకి వెళ్లాడు. బల్ల కింది సొరుగు లాగి, అందులో ఉన్న పాత బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. లోపల పదకొండు కట్టలున్నాయి. ఏ ఒక్కదానికీ దారం విప్పలేదు. పన్నెండోదాన్ని వాటి మీద పెట్టి, అది కొంచెం పైకి ఉబికితే అరచేత్తో నొక్కి మూత పెట్టాడు.

మొదటి బుధవారం అతని మనసులో ఏ చెడూ లేదు. బయటినుంచి వచ్చిన మందు ఖైదీకి ఇవ్వాలంటే సర్కారు డాక్టరు చూసి సంతకం పెట్టాలి. ఆమె పాత మందుల చీటీ కూడా తెచ్చింది. రేపు అడిగి సంతకం చేయిద్దాం, ఈలోపు ఆవిణ్ణి నిరాశపెట్టడమెందుకని "ఆయ్" అన్నాడు. ఆ డాక్టరు నెలకోసారి వచ్చి గజ్జీ బీపీ చూసుకుని వెళ్లిపోయేవాడు. సూపరింటెండెంటుగారిని ఒకసారి కదిపితే చూద్దాం అన్నారు. రెండో బుధవారం వచ్చింది. మొదటి కట్ట ఇంకా ఇవ్వలేదమ్మా అని ఎలా చెప్పడం? మూడో వారానికి చెప్పడం ఇంకా కష్టమైంది. పన్నెండో వారానికి వచ్చేసరికి అసలు చెప్పాల్సింది ఉందన్న సంగతే సొరుగులో పెట్టి మూసేశాడు.

అతను తిరిగి వచ్చేసరికి జగ్గారావుని కిటికీ దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టారు. నలభై ఐదేళ్లుంటాయి, ఎముకల గూడులా ఉన్నాడు. కొబ్బరికాయలు ఒలిచే మనిషి. మే నెలాఖరులో గునపంతో భార్య నుదురు పగలగొట్టాడని కేసు. ఇనుప గునపం మాట వచ్చింది కాబట్టి పోలీసులు హత్యాయత్నమని రాశారు. తులసి అతని మొహంలోకి ఆశగా చూసింది. అన్నం తింటన్నారా, అమ్మాయి మిమ్మల్ని అడుగుతోంది అంటూ ఏవేవో చెప్పింది. అతను చూపు ఎటో పెట్టి పెదాలు కదుపుతున్నాడు. ఆ కిటికీలోంచి మనిషి భుజాల దాకే కనిపిస్తాడు. పదిహేను రోజులకోసారి రిమాండు పొడిగించడానికి కోర్టుకి వీడియోలో చూపించే టీవీ ముందు కూర్చోబెట్టినప్పుడూ అంతే, భుజాల దాకే. కింద అతని చేతులు ఏం చేస్తున్నాయో ఇటు పెళ్లానికీ తెలీదు, అటు మేజిస్ట్రేటుకీ తెలీదు.

"చిక్కేరు గానీ నెమ్మదించేరండి," అంది తులసి, అతన్ని లోపలికి తీసుకెళ్లాక. ఆయన నుదుటి మీద ఆ మచ్చ ఇంకా పోలేదేమని అడిగింది. బాత్రూములో జారిన దెబ్బ కదా, మెల్లగా పోతుందన్నాడు కుమారస్వామి. ఆమె వెంటనే వెళ్లలేదు. వెనక ఎవరూ లేరని చూసుకుని జాలీకి దగ్గరగా వచ్చింది.

"తొంభై రోజుల్లో పోలీసులు కేసు కాగితాలు వెయ్యకపోతే బయటికి పంపించేస్తారంటున్నారండి. ఇంకో నెల ఉంచేలా చూడండి బాబుగారూ. బాగా కుదుటపడ్డాక పంపుదురుగాని."

కుమారస్వామికి అర్థం కాలేదు. లోపలున్నవాణ్ణి బయటికి పంపమని అడిగేవాళ్లనే ఇన్నేళ్లూ చూశాడు.

"ఆయన నన్ను కొట్టలేదండి," అంది తులసి గొంతు తగ్గించి. "అరుస్తూ సామాను విసిరేస్తుంటే ఆపడానికెళ్లి నేనే అరుగు మెట్టు మీద పడ్డానండి. గునపం పక్కనుందంతే. మా బావగారు సత్యదుర్గారావుగారు చెప్పేరండి, ఇంట్లో నీ చేతి మాత్ర మింగడు, పచ్చట్లో కలిపితే అన్నమే మానేశాడు, విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే దగ్గరెవరుంటారు, కేసు పెట్టెయ్, జైల్లో అయితే కాకీ బట్టలోళ్లు దగ్గరుండి వేళకి మింగిస్తారు, మూడు నెలల్లో మనిషి మనిషవుతాడూ అని. కాకీ బట్టలంటే ఆయనకి భయం భక్తీనండి. అందుకని పోలీసులతో కొట్టేరనే చెప్పేనండి. చిన్న కేసే అనుకున్నానండి. పాపం తగుల్తుందంటారా?"

కుమారస్వామి కిటికీ చట్రం పట్టుకున్నాడు. ఆమె సమాధానం కోసం చూస్తోంది. నిజం అక్కడికక్కడే చెప్పేయాలి. నోరు తెరిచాడు కూడా. కానీ పగిలిన ఆ వేళ్లు జాలీని పట్టుకుని ఉన్నాయి, మొహంలో అంత నమ్మకం ఉంది. చివరికి అతని నోట వచ్చింది ఇదీ: "శనివారం జడ్జిగారొస్తున్నారమ్మా. మీరూ రండి. ఏదైనా ఉంటే ఆవిడతో చెప్పుకుందురుగాని."

"ఆయ్, వస్తానండి," అంది ఆమె సంబరంగా.

బస్సు వేళైందని గబగబా వెళ్లిపోయింది. శనివారం లోపల ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు కుమారస్వామి. ఏం చెయ్యాలో మటుకు తెలీలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ మొదటి బ్యారక్ వైపు వెళ్లాడు. సారా కేసులో ఉన్న ముసలి గంగయ్య ఊచల దగ్గరే కూర్చుని ఉన్నాడు. జగ్గారావు బాగోగులు మూడు నెలలుగా చూస్తున్నది అతనే. నిన్నట్నించి మెతుకు ముట్టలేదండి, కాయల రాశి పెద్దదొచ్చిందంట అన్నాడు గంగయ్య.

జగ్గారావు బ్యారక్ మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో లేని కాయని ఎత్తి, ఎదురుగా లేని గునపం మొన మీద కసుక్కున దించాడు. మణికట్టు మెలితిప్పి పక్కకి లాగాడు. కాయ తిప్పి మళ్లీ దించాడు, మళ్లీ లాగాడు. మూడు లాగుల్లో కాయ మీది డొక్క ఊడాలి. డొక్క కుడి పక్కకి, కాయ ఎడమ పక్కకి. వెంటనే ఇంకో కాయ. ఒంటి మీద చెమట కారిపోతోంది. మణికట్లు రెండూ వాచి ఉన్నాయి. మొదట్లో తోటి ఖైదీలు చుట్టూ చేరి లెక్కపెట్టి నవ్వేవారు. ఇప్పుడు గోడవారగా తప్పుకుని నడుస్తున్నారు.

"రాశి అయిపోయింది జగ్గారావూ. లారీ వెళ్లిపోయింది," అన్నాడు కుమారస్వామి.

జగ్గారావు ఆగాడు. నడుం ఎత్తి, ముంజేత్తో నుదురు తుడుచుకుని, కంచం ముందు బుద్ధిగా కూర్చున్నాడు. ఈ కిటుకు కనిపెట్టింది కుమారస్వామే. నెల రోజులుగా దానికి లోలోపల మురిసిపోయేవాడు కూడా. ఇవాళ ఆ మనిషి అన్నం కలుపుకుంటుంటే వాచిన మణికట్టు వంగక ముద్ద జారిపోవడం చూశాడు. గంగయ్య ముద్ద చేసి అందించాడు. కుమారస్వామి అక్కడ నిలబడలేకపోయాడు.

గురువారం డబ్బాలోంచి ఆ పాత చీటీ తీసుకుని సర్కారు ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు ఏదో ట్రైనింగుకి వెళ్లాడట, సోమవారానికి గానీ రాడు. మందులిచ్చే చోట ఉన్నాయన చీటీ చూసి, ఎన్నాళ్లైంది ఆపేసి అని అడిగాడు. పన్నెండు వారాలని చెప్పేసరికి మొహం అదోలా పెట్టాడు. ఇవి ఆపితే ఆపినట్టు, మొదలెడితే మొదలెట్టినట్టు కుదిరే మాత్రలు కావండి, డాక్టరు చూసి మళ్లీ కొంచెం కొంచెంగా ఎక్కించాలి, మీ అంతట మీరు వేసేయకండి అన్నాడు. అంటే గబగబా నాలుగు మాత్రలు మింగించి శనివారానికి సర్దేసే దారి కూడా లేదు. అలా సర్దేద్దామన్న ఆలోచన తనకి నిజంగానే ఉందని కుమారస్వామికి అప్పుడే తెలిసింది. సిగ్గేసింది.

శుక్రవారం సూర్యనారాయణమూర్తిగారు అతన్ని పిలిచి కూర్చోబెట్టారు. కాఫీ తెప్పించారు. ఆయన మంచివాడు. సంధ్యావందనం చెయ్యందే ఆఫీసుకి రారు, ఏ ఖైదీనీ ఏరా అనరు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతారు. సర్క్యులర్ పక్కన నివేదిక కాగితం పెట్టి, దస్తూరీ నీదే బావుంటుంది, రాయమన్నారు.

జగ్గారావు సంగతి చెప్పాడు కుమారస్వామి. డబ్బా సంగతి కూడా చెప్పాడు. తులసి చెప్పింది మటుకు చెప్పలేదు. ఆయన అంతా విని, కాసేపు కాఫీ చల్లార్చుకున్నారు.

"చూడు కుమారస్వామీ. ఒకటని రాసేవనుకో, ఎవరు, ఎప్పట్నించి, ఏం వైద్యం చేయించేరని పది కాగితాలొస్తాయి. నా సంగతి అలా ఉంచు. తండ్రికి పిచ్చి అని సర్కారు కాగితంలో ఎక్కితే ఆ పిల్ల నలుగురిలో తలెత్తుకు తిరగాలా? మనవాళ్ల పరువు మనమే కాపాడాలి. శూన్యం అని రాయి."

"తగ్గించమన్నారు కదండీ..."

"తగ్గించమన్నారు, తగ్గించేం. శూన్యం కంటే తగ్గించడం ఎవరి తరం?" అని నవ్వారాయన. ఆ నవ్వులో విషం లేదు. తనో మేలు చేస్తున్నాననే ఆయన నమ్మకం.

కుమారస్వామి "ఆయ్" అన్నాడు. కాగితం ముందుకి లాక్కుని, మానసిక రోగుల సంఖ్య అన్న గడిలో గుండ్రంగా, అందంగా శూన్యం అని రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు కూడా. వెళ్లేటప్పుడు సూపరింటెండెంటుగారు మెల్లగా, ఆ డబ్బా అదీ రేపటికి ఇక్కడ ఉండకుండా చూడవయ్యా అన్నారు. దానికీ అతను ఆయ్ అనే అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి డబ్బా సంచిలో పెట్టుకుని బండి మీద కాలువ లాకుల దగ్గరికి వెళ్లాడు. నీళ్లు ఎర్రగా, జోరుగా ఉన్నాయి. వంతెన గోడ మీద డబ్బా పెట్టి మూత తీశాడు. ఒక్కో గుప్పెడే విసిరితే చాలు, పది నిమిషాల్లో అంతా అయిపోతుంది. చెయ్యి అడుగుదాకా పెట్టి ఒక కట్ట తీయబోతే పాత దారం తెగి పొట్లాలు చేతిలో విడిపోయాయి. ఒకదాని మీద ఎర్ర అంకె కనిపించింది. జూన్ ఇరవై రెండు.

ఆ ఆదివారం అతనికి గుర్తుంది. జగ్గారావు తల గోడకేసి కొట్టుకున్నది ఆ రోజే. బాత్రూములో జారాడని రిజిస్టర్లో రాసింది తనే. పొట్లం తడిమి చూశాడు, రెండు మాత్రలూ ఉన్నాయి. అతని చేతులు వాటంతటవే ఇంకో కట్ట వెతికాయి. జులై పదకొండు. ఆ రోజు జగ్గారావు రెండు చేతుల్నీ తువ్వాలుతో కిటికీ ఊచలకి కట్టారు. పొద్దున్న తొమ్మిది నుంచి అన్నం వేళ దాకా అలాగే ఉంచారు. ముడి వేసింది కుమారస్వామే. ఖైదీ మీద ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి, ముడి మటుకు గట్టిగా వేశాడు. జులై ముప్పై. గంగయ్య ముంజెయ్యి కొరికిన రోజు. గంగయ్య రక్తం కడుక్కుంటూ, వాడి తప్పు కాదండి బాబూ అన్నాడు.

ఒక్కో తారీఖులో ఒక తెల్ల మాత్ర, ఒక పసుపు మాత్ర. ఆ రోజు దెబ్బకి మందు ఆ రోజు కాగితంలోనే, పదడుగుల దూరంలో, తన సొరుగులో ఉంది. కుమారస్వామి వంతెన మీదే చతికిలబడ్డాడు. ఇన్నేళ్లూ నేనెవరికీ చెడు చెయ్యలేదని ధీమాగా బతికిన మనిషి. అటుగా వెళ్తున్న ఎవరో బండి ఆపి, ఏవండీ ఒంట్లో బాగోలేదాండి అని అడిగారు. అలవాటు చొప్పున, బానే ఉన్నానండి అన్నాడు. తెగిన దారం మళ్లీ ముడేసి, డబ్బా మూత పెట్టి, వెనక్కి తీసుకెళ్లి అదే సొరుగులో పెట్టాడు.

శనివారం పదకొండింటికి జడ్జి శ్రీకళగారు వచ్చారు. చిన్నావిడే, ముప్పై ఐదుకి మించవు. గదిలో కూర్చుని టీ వద్దని, నివేదిక అడిగారు. సూపరింటెండెంటుగారు రెండు చేతులతో అందించారు. ఆవిడ శూన్యం దగ్గర ఆగి, "ఒక్కరూ లేరా?" అన్నారు.

"దైవానుగ్రహంవల్ల అందరూ బాగానే ఉన్నారండి," అన్నారు సూర్యనారాయణమూర్తిగారు.

గుమ్మం బయట తులసి పదింటి నుంచి నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుంది. ఆవిడెవరని జడ్జిగారు అడిగి లోపలికి పిలిచారు. ఎందుకొచ్చావమ్మా, ఏమైనా చెప్పుకోవాలా అన్నారు. తులసి చేతులు కొంగుకి తుడుచుకుని దండం పెట్టింది. ఒకసారి కుమారస్వామి వైపు చూసి, ధైర్యం తెచ్చుకుంది.

"నాదేం లేదండమ్మా. మా ఆయన జగ్గారావు ఇక్కడున్నారండి. మనసు బాగోదండాయనకి. పన్నెండు వారాల్నించి నేను మాత్రలు తెస్తుంటే ఈ బాబుగారే వేళకి వేస్తున్నారండి, నోరు తెరిపించి చూసి మరీ. ఇంట్లో పెళ్లాన్ని, నావల్ల కాలేదండి. ఈయనకేదన్నా మంచి చెయ్యండమ్మా. ఇది చెప్దామనే వచ్చేనండి."

జడ్జిగారు నివేదిక కేసి చూశారు. తర్వాత తల ఎత్తి కుమారస్వామి కేసి చూశారు.

"మాత్రలు మీరే వేస్తున్నారా?"

ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డ సూర్యనారాయణమూర్తిగారు కళ్లతోనే అవునని చెప్పమన్నారు. "ఆయ్" అన్న మాట కుమారస్వామి నాలిక చివరికి వచ్చేసి ఉంది. ఆ ఒక్క మాట అనేస్తే ఎవరి మొహమూ చిన్నబోదు. సూపరింటెండెంటుగారు నిశ్చింతగా రిటైరవుతారు. తులసి సంతోషంగా బస్సెక్కుతుంది. తనకి ఓ మెచ్చుకోలు కాగితం కూడా రావచ్చు. తులసి నవ్వుతూ అతని నోటి కేసే చూస్తోంది.

"లేదండి," అన్నాడు కుమారస్వామి.

ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది. ఏమిటి లేదు అని అడిగారు జడ్జిగారు.

"ఒక్క మాత్ర కూడా వెయ్యలేదండి."

సొరుగు లాగి డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. పన్నెండు కట్టలు దొర్లాయి. చివరి కట్టలో ఆఖరి కాగితం మీద వినాయక చవితి ఎర్ర అంకె పైకి కనిపిస్తోంది, ఆ రోజింకా రానే లేదు. కుమారస్వామి ఒక్కో కట్టా విప్పుతూ చెప్పుకుపోయాడు. జూన్ ఇరవై రెండున ఏమైంది, జులై పదకొండున ముడి ఎవరు వేశారు, ముప్పైన ఎవరి చేతికి గాయమైంది. రిజిస్టర్లో తను ఏం రాశాడో, ఏం రాయలేదో చెప్పాడు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలిసి ఆగకుండా చెప్పాడు.

తులసి బల్ల దగ్గరికి వచ్చింది. పగిలిన వేళ్లతో మొదటి కట్టలోంచి ఒక పొట్లం తీసి విప్పింది. చెమ్మకి తెల్ల మాత్ర పొడిపొడిగా అయిపోయి కాగితానికి అంటుకుంది. ఆ పొడి వేలితో తాకి చూసుకుంది. ఆ తర్వాత కుమారస్వామి కేసి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

"అడిగినప్పుడల్లా ఆయ్ అన్నారు కదండీ," అంది.

"అన్నానమ్మా."

ఆమె కాగితం మళ్లీ మడతల మీదే మడిచి బల్ల మీద పెట్టింది. జడ్జిగారి వైపు తిరిగింది. "నేనూ అబద్ధమాడేనండమ్మా," అంది. "ఆయన నన్ను కొట్టలేదండి. మెట్టు మీద నేనే పడ్డానండి. ఇక్కడైతే మాత్రలేస్తారని కేసు పెట్టించేనండి. మాత్రల కోసమేనండి, ఇంకెందుకూ కాదండి." జడ్జిగారు చేతిలో కలం మూత పెట్టడం మర్చిపోయారు, సిరా నివేదిక మీద చుక్కలుగా పడింది.

చివరికి ఆ నివేదికని కుమారస్వామి వైపు జరిపారు. శూన్యం ఎవరు రాశారని అడిగారు. నేనేనండి అన్నాడు. దిద్దమన్నారు. అతను కొట్టేసి 1 అని రాశాడు.

"ఒక్కరేనా? ఆలోచించి చెప్పండి."

కుమారస్వామికి రెండో బ్యారక్‌లో ఉన్న మనిషి గుర్తొచ్చాడు. వచ్చి నెలైంది, ఒక్క మాట మాట్లాడలేదు. పొగరు అనుకున్నారందరూ. ఆ పక్కనే తోలు ఊడేదాకా చేతులు కడుక్కునే ఇంకొకడు. నీళ్లు వృథా చేస్తున్నాడని వాణ్ణి పంపు దగ్గరికి రానివ్వడం మానేశారు. ఒకటి కొట్టేసి 3 అని రాశాడు. ఈసారి అంకె వంకరగా వచ్చింది. సూర్యనారాయణమూర్తిగారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడిపోయారు.

సోమవారం దాకా ఆగేది లేదని, వేరే డాక్టరుని ఇవాళే రప్పించమని, ముగ్గుర్నీ చూపించి ఆసుపత్రికి మార్చమని, జగ్గారావు బెయిలు పిటిషను మా ఉచిత న్యాయసహాయ వకీలు వేస్తారని జడ్జిగారు ఫోన్లోనే ఏర్పాట్లు చేశారు. ఆ తర్వాత బ్యారక్ చూడాలన్నారు. తులసినీ రమ్మన్నారు.

జగ్గారావు ఒలుస్తున్నాడు. తులసి ఊచల దగ్గర ఆగిపోయింది. మూడు నెలల్లో అతన్ని భుజాల కిందకి చూడడం ఆమెకి ఇదే మొదటిసారి. ఎత్తడం, దించడం, మెలితిప్పడం, లాగడం. ఆ వాచిన మణికట్లు. డొక్క కుడి పక్కకి, కాయ ఎడమ పక్కకి. "అయ్యో," అందామె. రాశి అయిపోయిందని చెబుదామని కుమారస్వామి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆ మాట చెప్పే అర్హత తనకి లేదనిపించింది.

తలుపు తీయమని తులసి సైగ చేసింది. లోపలికి వెళ్లి, భర్తకి ఎడమ పక్కన, రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చుంది. ఒలిచిన కాయలు అందుకుని పేర్చే మనిషి కూర్చునే చోటది. దోసిలి పట్టింది. జగ్గారావు చేతులు గాల్లో ఒక్క క్షణం తటపటాయించాయి. తర్వాత జాగ్రత్తగా, లేని కాయని ఆమె దోసిట్లో పెట్టాడు. ఆమె దాన్ని పక్కన పెట్టి మళ్లీ దోసిలి పట్టింది. ఇంకోటి పెట్టాడు. గంగయ్య తల తిప్పుకుని ఏడ్చాడు. పది కాయలయ్యేసరికి జగ్గారావు వేగం తగ్గింది. ఇరవయ్యోదో ఎన్నోదో అయ్యాక అతనే నడుం ఎత్తి, నేల మీద కూర్చున్నాడు.

మూడింటికి ఆసుపత్రి బండి వచ్చింది. చూసిన డాక్టరు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలన్నాడు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. జగ్గారావుని ఎక్కించారు. కుమారస్వామి గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. సోమవారం సంజాయిషీ ఇవ్వాలని అప్పటికే కాగితం చేతికి వచ్చింది. దాని గురించి అతనికి ఆలోచనే లేదు. తులసి బండి మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. వెనక్కి తిరిగి అతని కేసే చూసింది. ఇంత జరిగాక కూడా ఆమెకి అడగడానికి ఇంకెవరూ లేరు.

"మళ్లీ మామూలు మనిషవుతారాండి?"

ఆయ్ అని ఉంటే ఆమెకి దారి పొడుగునా ఊరటగా ఉండేది. ఆ మాట కోసమే ఆమె ఆగిందని అతనికి తెలుసు. గేటు ఊచని గట్టిగా పట్టుకున్నాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

తులసి ఆ జవాబుని కాసేపు మనసులో పెట్టుకుని చూసింది. మొహం చిన్నబోయింది. అయినా తల ఊపింది.

"ఆయ్," అని, బండెక్కి భర్త పక్కన కూర్చుంది.